పదిహేను నిమిషాల తేట

ఆదివారం పొద్దున ఏడింటికే ఆడవాళ్ల స్నానాలశాలలో ఆవిరి గోడల వెంట చారలుగా కారుతోంది. యున్‌సొల్ గులాబీరంగు రెగ్జిన్ బల్ల మీద బోర్లా పడుకుని ఉంది. మల్‌సున్ పిన్ని చేతి గరుకు తొడుగు ఆమె మెడ నుంచి నడుము దాకా, నడుము నుంచి మెడ దాకా ఆగకుండా నడుస్తోంది. యోసు రేవు పక్కనున్న ఆ వీధిలో ఆడవాళ్లందరికీ ఆమె పిన్నే. ముప్పై ఏళ్లుగా వాళ్ల ఒళ్లు రుద్దుతోంది.

"వారం వారం వస్తావు, అయినా ఇంత మట్టి ఎక్కడిదే నీకు? ఆ ఆస్పత్రిలో నీచేత గోతులు తవ్విస్తున్నారా?"

"సీసాలు కడిగిస్తున్నారు పిన్నీ."

నాలుగేళ్ల క్రితం మొదటిసారి అడిగినప్పుడు కూడా యున్‌సొల్ ఇదే చెప్పింది. కఫంలోంచి క్రిముల్ని పెంచి, ఏ మందుకు చస్తాయో చూసే పని అని తడి ఒళ్లుతో పడుకుని ఎలా చెప్పాలో తెలియలేదు. సీసాలు కడగడం కూడా ఆ పనిలో భాగమే కాబట్టి అబద్ధం కూడా కాదు.

తొడుగు ఆగింది. మల్‌సున్ కిటికీ వైపు తిరిగి దగ్గింది. లోతుగా, తడిగా, చాలాసేపు దగ్గింది. వేడినీటి తొట్టిలో కూర్చున్న ఇద్దరు ముసలమ్మలు మాటలు ఆపి ఇటు చూశారు.

"చలికాలం దగ్గు, ఇంకా వదల్లేదు," అని వాళ్లకు వినబడేలా చెప్పి, వంగి యున్‌సొల్ చెవి దగ్గర గొంతు తగ్గించింది. "నువ్వు ఆస్పత్రి పిల్లవి కాబట్టి నీకు చెబుతున్నా. ఈ నెల ముప్ఫయ్యో తారీఖున డాక్టరు దగ్గరికి పోతా. ఇక చాలు, నన్నొదిలెయ్ బాబూ అని చెప్పొస్తా."

తొడుగు యున్‌సొల్ భుజం మీదే ఆగి ఉంది.

"ఏడు నెలలే. వారానికి ఐదు సూదులు. చెవుల్లో కీచురాళ్లు కాపురం పెట్టాయి. కుడిచెవి సగం పోయింది, పక్కబల్ల ఆవిడ నా మీద చాడీలు చెప్పినా వినబడి చావదు. డ్రిప్పు ఎక్కిస్తే రెండు రోజులు అన్నం వాసన పడదు. ఒక మాత్ర ఉండేది, అదొక్కటే నెమ్మదిగా ఉండేది. అక్టోబరులో అదీ ఆపేశారు. పరీక్షలో అది పనిచేయదని తేలిందట. ఇక మిగిలింది ఊపిరితిత్తి ముక్క కోసెయ్యడం అంటున్నారు. కోసేస్తే ఈ చేతులకి బలమెక్కడిది? ఉన్నన్నాళ్లు రుద్దుకుంటాను, లేనినాడు పోతాను."

ఆ చేతులు మళ్లీ కదిలాయి. బలం తగ్గిందని యున్‌సొల్ వీపుకు శరత్కాలంలోనే తెలిసింది. మల్‌సున్‌కు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. చొన్ మల్‌సున్, స్త్రీ, అరవై ఒకటి అని రాసిన కఫం డబ్బాలను ఆగస్టు నుంచి తన చేత్తోనే తీసుకుంటోంది యున్‌సొల్. ఆ పాతకాలపు పేరు ఊళ్లో ఇంకెవరికీ లేదు. అయినా ప్రయోగశాలలో చూసింది స్నానాలశాలలో మాట్లాడకూడదు. అది ఉద్యోగంలో చేరిన రోజు సంతకం పెట్టిన మాట.

అక్టోబరు పరీక్ష. ఆ మాట తడి బల్ల మీద నుంచి ఇంటిదాకా ఆమె వెంటే వచ్చింది.

*

మల్‌సున్ కఫంలోని ఆ క్రిమి క్షయ క్రిమికి దాయాది. క్షయలాగా మనిషి నుంచి మనిషికి పాకేది కాదు. నీళ్లలో, మట్టిలో, కుళాయి గొట్టాల్లో బతుకుతుంది. బలహీనంగా ఉన్న ఊపిరితిత్తి దొరికితే అందులో చేరి ఏళ్ల తరబడి కదలదు. ఒక్క మందుకు లొంగదు. మూడో నాలుగో కలిపి కొట్టాలి. ఏవి కలపాలో తేల్చే పని యున్‌సొల్‌దీ, ఆమె పైఅధికారి ప్యో గుమోక్‌దీ.

దానికో పళ్లెం ఉంది. వామనగుంటల పలకలాంటిదే, కాకపోతే అరచేయంత ప్లాస్టిక్ ముక్కలో తొంభై ఆరు గుంటలు. ఒక్కో వరసకు ఒక్కో మందు. మొదటి గుంటలో పిసరంత, తర్వాతి దాంట్లో దానికి రెట్టింపు, ఆ తర్వాతి దాంట్లో ఇంకా రెట్టింపు. అన్నిట్లోనూ క్రిములు కలిపిన నీళ్లు వేస్తారు. ఏ గుంట దగ్గర పెరగడం ఆగిపోయిందో అక్కడికి ఆ మందు బలం తెలుస్తుంది. క్లారిత్రోమైసిన్ వరసకు మాత్రం పద్నాలుగు రోజులు ఆగాలి. ఈ దాయాదుల్లో కొన్ని మూడు రోజులు చచ్చినట్టు పడి ఉండి, మందు రుచి మరిగాక మెల్లగా లేచి కూర్చుంటాయి. మల్‌సున్ మాత్ర ఈ క్లారిత్రోమైసినే.

సోమవారం పొద్దున ప్యో ఇంకా రాకముందే యున్‌సొల్ బీరువాలోంచి శరత్కాలపు పుస్తకం తీసింది. ప్యో కంప్యూటరును నమ్మదు. గుంటకొక సున్నా గీసి, ఖాళీగా ఉంటే ఖాళీగా, అడుగున చుక్క కనబడితే చుక్కపెట్టి, నిండా పెరిగితే నల్లగా నింపి, పెన్సిలుతో బొమ్మ వేస్తుంది. చొన్ మల్‌సున్ పేజీ దొరికింది. అక్టోబరు రెండున పళ్లెం వేశారు. మూడో రోజు, ఐదో రోజు, ఏడో రోజు గళ్లలో అడ్డగీతలు. పక్కన 'పండగ' అని ఉంది. నిరుడు చూసొక్ పంటల పండగ సెలవులు వారం పాటు వచ్చాయి. పళ్లాన్ని ఎవరూ చూడలేదు. పద్నాలుగో రోజు గడిలో మాత్రం సున్నాలు ఉన్నాయి.

క్లారిత్రోమైసిన్ వరస మీద ఆమె వేలు నెమ్మదిగా జరిగింది. మొదటి రెండు నలుపు. తర్వాత ఖాళీ. ఖాళీ. చుక్క. ఖాళీ. చుక్క. ఖాళీ. ఖాళీ. చుక్క. కింద ప్యో చేతిరాత: లొంగదు.

చుక్క ఉన్న చివరి గుంటను పట్టుకుని ప్యో అలా రాసింది. కాని చిటికెడు మందుకు చచ్చినది, దానికి నూట ఇరవై ఎనిమిది రెట్లు పోసిన గుంటలో ఎలా బతుకుతుంది? మధ్యలో ఖాళీలు ఎందుకు? పెరిగే క్రిమి మెట్టు మెట్టుగా ఎక్కుతుంది, ఇలా మెట్లు వదిలి గెంతదు.

అప్పుడు ఆమెకు ఆ గురువారం సాయంత్రం గుర్తొచ్చింది.

మల్‌సున్ ఊపిరితిత్తిలోని క్రిమి గరుకు రకం. విరిగిన మైనంలా పొడిపొడిగా ఉండి, నీళ్లలో సులువుగా కలవదు. గాజుపూసలు వేసి గట్టిగా కుదపాలి. కుదిపాక గొట్టాన్ని నిలబెట్టి పదిహేను నిమిషాలు వదిలెయ్యాలి. గడ్డలన్నీ అడుక్కి దిగాక, పైన తేరిన తేట మాత్రమే తీసి గుంటల్లో వెయ్యాలి. ఆ సాయంత్రం ఆరూ ఇరవైకి అమ్మ ఉండే కోహుంగ్‌కు బస్సు. పండగ సెలవుల ముందురోజు, చివరి సీటు. గోడమీది గడియారంలో ముల్లు ఆరు దాటేసరికి, గొట్టం పట్టుకుని నిలబడ్డ యున్‌సొల్‌కు అమ్మ వండుతున్న రొయ్యల పిండివంట తప్ప ఇంకేమీ కనబడలేదు. నాలుగైదు నిమిషాలు ఆగిందేమో. అంతే. పైనున్నది తీసి గుంటల్లో వేసి, మూతపెట్టి పరిగెత్తింది. బస్సు అందింది.

ఆ గుంటల అడుగున ఉన్నవి పద్నాలుగు రోజుల్లో పెరిగిన క్రిములు కావు. మొదటి రోజునే పడిన గడ్డలు. పండగ సెలవులు లేకపోతే మూడో రోజునే, ఇంకేదీ పెరగకముందే అవి కనబడి తెలిసిపోయేది.

ఆమె పుస్తకం మూయలేదు. అలాగే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చేతులకు సబ్బు వాసన ఇంకా ఉంది.

*

ప్యో గుమోక్ వచ్చి, కోటు తగిలించి, ఇంటినుంచి తెచ్చిన ఆవాకు కిమ్చి డబ్బా ఫ్రిజ్‌లో పెట్టింది. ఆమెకు యాభై నాలుగు. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. భూతద్దాన్ని మెళ్లో తాళిబొట్టులా వేలాడదీసుకుంటుంది.

"ఏమైంది, పిల్లి ఎత్తుకుపోయిన చేపలా ఉంది మొహం?"

"అక్కా, ఈ పేజీ ఒకసారి చూడండి."

ప్యో నిలబడే చూసింది. చూసి పుస్తకం తిరిగి ఇచ్చేసింది. "చూశాను. నేనే గీశాను. ఇందులో కొత్తేముంది?"

"మధ్యలో ఖాళీలున్నాయి."

"ఉంటాయి. ఒక గుంట తప్పడం మామూలే."

"ఒకటి కాదక్కా. ఐదు."

ప్యో భూతద్దం అంచును తన తెల్లకోటుతో తుడిచింది. తుడవడం అయిపోయాక కూడా తుడుస్తూనే ఉంది. "నీకు తెలుసా, నీకంటే ముందు ఇక్కడ ఒక తాపీమేస్త్రి పళ్లెం చదివాను. మూడో రోజు చూసి, మందు బ్రహ్మాండంగా పనిచేస్తోందని రాశాను. పద్నాలుగో రోజు దాకా ఆగమని అప్పుడు మాకెవరూ చెప్పలేదు. మందు రెండేళ్లు మింగాడు. గోడమీద నీళ్లు పోసినట్టే. వాళ్లావిడ వచ్చి నాకు మొక్కజొన్నలు ఇచ్చి వెళ్లింది, మీరు చాలా కష్టపడ్డారని. అప్పట్నుంచి నేను చుక్క చూస్తే చుక్కే రాస్తాను. అడుగున ఆవగింజంత ఉన్నా రాస్తాను. అనుమానం ఉంటే లేదనుకోవడం కాదు, ఉందనుకోవడం మంచిది."

"ఈసారి మంచిది కాలేదక్కా."

"నీ కంటికి నా కంటికంటే..."

"మీ కన్ను సరిగ్గానే చూసింది. చుక్కలున్నాయి. అక్కడ వేసింది నేను." యున్‌సొల్ పేజీలోని తేదీ మీద వేలు పెట్టింది. "ఆ రోజు తేరనివ్వలేదు. కోహుంగ్ బస్సు ఉందని నాలుగైదు నిమిషాలకే తీసేశాను. గడ్డలు పడ్డాయి."

ప్యో కుర్చీ లాక్కుని కూర్చుంది. భూతద్దం తెచ్చి ఒక్కొక్క సున్నా మళ్లీ చూసింది. తను గీసిన గీతల్నే ఎవరో గీసినట్టు చూసింది.

"ఐదు నెలలు," అంది చివరికి. "ఐదు నెలలు ఆ మనిషికి ఆ మాత్ర లేకుండా చేశాం."

"నేను చేశాను."

"నోర్మూసుకో. వేసింది నువ్వు, చదివింది నేను. మెట్లు వదిలిన వరసను మళ్లీ వెయ్యాలని నాకు తెలియదా? తెలుసు. భయపడ్డాను. భయపడి చదివినా తప్పే, తొందరపడి వేసినా తప్పే." ఫోను దగ్గరికి లాక్కుంది. "గది బయటికి వెళ్లాలంటే వెళ్లు. నేను తిట్లు తినేటప్పుడు పక్కన ఎవరైనా ఉంటే నాకు నచ్చదు."

యున్‌సొల్ వెళ్లలేదు.

డాక్టర్ సొక్ గొంతు ఫోనులోంచి గదంతా వినబడింది. మొదట ఏమీ అర్థంకానట్టు, తర్వాత అర్థమైనట్టు, ఆ తర్వాత గోడ అవతల కూడా అర్థమయ్యేట్టు మాట్లాడాడు. ప్యో "అవును సార్" అని ఆరుసార్లు అంది. ఏడోసారి వేరే మాట అంది: "కాదు సార్, మందు పనిచేస్తుందని నేను చెప్పడం లేదు. పనిచేయదని చెప్పిన కాగితాన్ని నమ్మొద్దని చెబుతున్నా. ఇరవయ్యేడో తారీఖు దాకా ఏమీ చెప్పను."

అవతల డాక్టరు గొంతు తగ్గింది. ఆమె ముప్ఫయ్యో తారీఖున వస్తుంది, మానేస్తానంటోంది, సూదులు ఇంకా పెంచితే రెండో చెవి కూడా పోతుంది, కాబట్టి వేసేటప్పుడు ఇంకోటి కూడా వెయ్యండి అన్నాడు. సూదిమందు అమికాసిన్‌తో, కుష్ఠుకు వాడే క్లోఫజిమిన్ జతచేసి. రెండూ కలిస్తే సూది ఎంత తగ్గించవచ్చో చూడాలి.

ఫోను పెట్టేశాక ప్యో మొహం తుడుచుకుంది. "జతపళ్లెం వెయ్యడం వచ్చా నీకు?"

"వచ్చక్కా."

"అయితే ఈసారి బస్సు టికెట్లేవీ కొనకు."

*

మంచుపెట్టెలో గడ్డకట్టించి దాచిన మల్‌సున్ క్రిములు నాలుగు రోజుల్లో మేల్కొన్నాయి. శుక్రవారం మధ్యాహ్నం గాజుపూసలతో కుదిపి, గొట్టాన్ని స్టాండులో నిలబెట్టారు. ప్యో టైమరు తిప్పి యున్‌సొల్ ముందు పెట్టింది.

"చేతులు ఒళ్లో పెట్టుకో."

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మొదట గొట్టమంతా బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. తర్వాత అందులో పొట్టులాంటివి కదలడం కనబడింది. పెద్దవి ముందు దిగాయి. చిన్నవి కాసేపు తటపటాయించి, ఒకదాన్నొకటి పట్టుకుని, బరువెక్కి దిగాయి. పదో నిమిషంలో కూడా ఇంకా దిగుతూనే ఉన్నాయి. నాలుగైదు నిమిషాలకు తీస్తే ఎన్ని గడ్డలు పడి ఉంటాయో యున్‌సొల్‌కు కళ్లముందు కనబడింది. టైమరు మోగింది. ప్యో లేవలేదు. "ఇంకో ఐదు," అంది. "నా లెక్కలో."

పైన తేరిన తేట పలచగా, దాదాపు నీళ్లలాగే ఉంది. యున్‌సొల్ దాన్ని పీల్చి రెండు పళ్లాల్లో వేసింది. మొదటిదాంట్లో పాత పరీక్షే. రెండోదాంట్లో ఎడమనుంచి కుడికి అమికాసిన్ పెరుగుతూ పోతుంది, కిందనుంచి పైకి క్లోఫజిమిన్ పెరుగుతూ పోతుంది. ఒక్కో గుంటలో రెండు మందులూ ఒక్కో పాలులో కలుస్తాయి. పులుసులో ఉప్పూ కారమూ ఎంతెంత పడాలో ఒకేసారి అరవైనాలుగు గిన్నెల్లో వండి చూసినట్టు.

తర్వాత చెయ్యవలసిందల్లా చూడడమే.

ఆదివారం ఆమె స్నానానికి వెళ్లలేదు. ఆ బల్ల మీద పడుకుని మౌనంగా ఉండడం ఇక తనవల్ల కాదనిపించింది. ఆస్పత్రికి వెళ్లి పళ్లాలు చూసింది. చూడవలసిన రోజు కాదు, అయినా చూసింది. అన్ని గుంటలూ ఖాళీ. మూడో రోజు ఖాళీ. ఒక్క చుక్క కూడా అడుగున లేదు. ప్యో పెన్సిలుతో ఖాళీ సున్నాలు గీసుకుంటూ పోయింది. ఐదో రోజు మందులేని గుంటలు నిండుగా తెల్లబడ్డాయి. అంటే క్రిములు బతికే ఉన్నాయి, మందు ఉన్నచోటే తలెత్తడం లేదు.

ఏడో రోజు క్లారిత్రోమైసిన్ వరసలో మొదటి గుంట మసకబారింది.

పదో రోజు రెండోది కూడా.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మూడోది కూడా మసకబారితే, ఆ తర్వాత నాలుగోది, మెట్టు మెట్టుగా ఎక్కుతూ వస్తే, అప్పుడు పాత కాగితం చెప్పిందే నిజం. తొందరపడినా భయపడినా నిజమే రాశారన్నమాట. అలా అవుతుందేమోనని యున్‌సొల్‌కు ఆ నాలుగు రోజులూ అన్నం సహించలేదు. తన తప్పు తప్పుగా మిగిలిపోవాలని ఒక మనిషి కోరుకోవడం వింతే. అయినా అదే కోరుకుంది.

ఇరవయ్యేడో తారీఖు శుక్రవారం ప్యో పళ్లాన్ని అద్దం మీద పెట్టి, భూతద్దం కంటికి ఆనించి, ఊపిరి బిగబట్టింది. మొదటిది నలుపు. రెండోది నలుపు. మూడోది ఖాళీ. నాలుగోది ఖాళీ. అక్కణ్నుంచి చివరిదాకా చెరువు మీద పొద్దుటి ఎండలా తేటగా ఉంది.

"నువ్వు చూడు," అని భూతద్దం మెడలోంచి తీసి ఇచ్చింది. నాలుగేళ్లలో ఆమె దాన్ని ఎవరికీ ఇవ్వలేదు.

యున్‌సొల్ చూసింది. రెండుసార్లు చూసింది. "ఖాళీగా ఉందక్కా."

"మరి రాయి. నీ చేత్తో రాయి."

రెండో పళ్లెం అంతకు ముందే తేలిపోయింది. ఒంటరిగా అమికాసిన్ ఎంత పోస్తే క్రిమి ఆగిందో, క్లోఫజిమిన్ తోడున్నచోట దాంట్లో పావువంతుకే ఆగింది. కాగితాలు పట్టుకుని ప్యో స్వయంగా డాక్టర్ సొక్ గదికి వెళ్లింది. పావుగంటలో తిరిగొచ్చింది.

"ఏమన్నారు?"

"పళ్లెం వేరు, ఛాతీ వేరు అన్నాడు. గుంటలో పావువంతు సరిపోతే ఊపిరితిత్తిలో కూడా సరిపోతుందని ఎవరూ రాసివ్వలేరు అన్నాడు. అందులో అబద్ధం లేదు." ప్యో కుర్చీలో కూలబడింది. "అయినా మాత్ర తిరిగి ఇస్తాడట. సూదులు వారానికి ఐదు కాదు, మూడు. ఆ కుష్ఠుమందు సియోల్ నుంచి తెప్పిస్తాడట. జన్యువు పరీక్షకు కూడా పంపమన్నాడు, మనమీద నమ్మకం తగ్గిందని చెప్పకుండానే చెప్పాడు. పంపుదాం. రానీ."

"ఆమె ఒప్పుకుంటుందా?"

"అది పళ్లెంలో కనబడదు," అంది ప్యో.

*

సోమవారం పదకొండింటికి కఫం డబ్బాలు తీసుకునే కిటికీ గంట గట్టిగా మోగింది. ఒకసారి నొక్కి వదిలేసే మోత కాదది.

"పెద్దామె ఎవరిక్కడ? డాక్టరు చెప్పాడు, పరీక్ష తప్పుగా చేశారట. ఎవరు చేశారో వాళ్ల మొహం చూసి పోదామని వచ్చా."

మల్‌సున్ గొంతు. యున్‌సొల్ చేతిలోని గొట్టాన్ని స్టాండులో పెట్టింది. ఆమెకంటే ముందు ప్యో కిటికీ దగ్గరికి నడిచి, నడుం వంచి లోతుగా తల దించింది.

"నేనమ్మా. నేనే చదివాను. క్షమించండి."

"నువ్వా? చూడబోతే చదువుకున్నదానిలాగే ఉన్నావు." మల్‌సున్ కిటికీ చట్టం పట్టుకుంది. "అక్టోబరు నుంచి లెక్కపెట్టు. వాంతులు లెక్కపెట్టు. నా మనవరాలు ఫోనులో పాట పాడితే ఏ చెవికి పెట్టుకోవాలో వెతుక్కుంటున్నా. వంగి దణ్ణం పెడితే తిరిగొస్తుందా ఆ చెవి?"

"రాదు," అంది ప్యో. తల ఎత్తలేదు.

యున్‌సొల్ పక్కనుంచి వచ్చి మాస్కు కిందికి లాగింది. "ఆమె చదివింది మాత్రమే పిన్నీ. వేసింది నేను. పండగకి బస్సు తప్పిపోతుందని తొందరపడ్డాను. ఆ తొందరవల్లే తప్పు వచ్చింది."

మల్‌సున్ ఆమె మొహాన్ని ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. ఆ మనిషిని ఎప్పుడూ బట్టలతో చూడలేదు. గుర్తుపట్టాక కిటికీలోకి ముందుకు వంగింది.

"సీసాలు కడుగుతానన్నావు."

"అది కూడా చేస్తాను."

"నాలుగేళ్లు నా బల్ల మీద పడుకున్నావు. మొన్న కూడా అంతా విన్నావు. మూగమొద్దులా పడుకుని విన్నావు."

"ఇక్కడి సంగతి అక్కడ చెప్పకూడదు పిన్నీ. విన్నాకే పుస్తకం తెరిచి చూశాను. ముందే చూడాల్సింది."

వెనక వరసలో నిలబడ్డ ముసలాయన తన డబ్బా చేతులు మార్చుకుని గొంతు సవరించుకున్నాడు. మల్‌సున్ వెనక్కి తిరిగి, "మీ కఫం పారిపోదులెండి తాతగారూ, కాసేపాగండి," అంది. మళ్లీ ఇటు తిరిగినప్పుడు కోపం మొహంలోంచి పోలేదు గాని, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడింది.

"మూడు ఆదివారాలు రాలేదేం?"

"మొహం చెల్లక."

"మొహంతో పనేముంది, బోర్లానే కదా పడుకునేది." దగ్గు వచ్చింది. చట్టానికి ఆనుకుని దగ్గి, ఆయాసం తీర్చుకుంది. "మరి ఇప్పుడు చెప్పు. డాక్టరు మాటలు నాకొద్దు. ఆయన కాగితం చూసి చెబుతాడు, కాగితం నువ్వే రాస్తావట. ఆ మాత్ర నిజంగా పనిచేస్తుందా?"

యున్‌సొల్ ప్యో వైపు చూడలేదు. "గుంటలో పనిచేసింది. పద్నాలుగు రోజులు రోజూ చూశాను. మీ లోపల కూడా చేస్తుందని చెప్పలేను. చెయ్యడానికి వీలుందని మాత్రం చెప్పగలను. అక్టోబరులో లేదని చెప్పింది తప్పు."

"ఎన్నాళ్లు మింగాలి?"

"కఫం శుభ్రమయ్యాక ఇంకో ఏడాది."

"శుభ్రం ఎప్పుడవుతుంది?"

"తెలియదు. నెల నెలా మీరు డబ్బా తెస్తే నేను చూసి చెబుతాను."

"ఆ ఇంకో మందు, కుష్ఠుమందు. మా అమ్మమ్మ కుష్ఠురోగుల సొరోక్ దీవి పేరెత్తితే గుమ్మంలో ఉప్పు చల్లేది. దాంతో ఒళ్లు రాగిచెంబులా మారుతుందట కదా? ఒళ్లు రుద్దేదాని ఒళ్లే నల్లగా ఉంటే నా బల్ల మీద ఎవరు పడుకుంటారు?"

"మీరు జేజు దీవికెళ్లి ఎండలో పడుకుని వచ్చారనుకుంటారు," అంది ప్యో, ఇప్పటికి తల ఎత్తి.

మల్‌సున్ ఆమెను ఎగాదిగా చూసింది. "నువ్వు మాట్లాడకు. నీ మీద కోపం ఇంకా పోలేదు." తర్వాత సంచిలోంచి మూతపెట్టిన కఫం డబ్బా తీసి, కిటికీ గట్టు మీద పెట్టి, రెండు చేతులతో యున్‌సొల్ వైపు జరిపింది. "నీ ఒళ్లంతా నేను చూశాను, నా లోపలిదంతా నువ్వు చూశావు. ఇక మనమధ్య దాచేదేముంది? తీసుకో. నిదానంగా చెయ్యి."

యున్‌సొల్ రెండు చేతులతో అందుకుంది. డబ్బా ఇంకా వెచ్చగా ఉంది.

మల్‌సున్ మెట్లు దిగి వెళ్లింది. వెళ్తానని గాని, ఒప్పుకున్నానని గాని అనలేదు. యున్‌సొల్ డబ్బా మీద తేదీ రాసి, వీధివైపు కిటికీ దగ్గరికి వచ్చింది. కింద వాన సన్నగా మొదలైంది. బస్సు స్టాపు కుడివైపు ఉంది. స్నానాలశాలకు వెళ్లే బస్సు అప్పుడే వచ్చి ఆగింది. మల్‌సున్ గొడుగు లేకుండా దాన్ని చూస్తూ నిలబడింది. బస్సు తలుపు తెరుచుకుంది, ఇద్దరు ఎక్కారు, తలుపు మూసుకుంది.

బస్సు వెళ్లిపోయాక ఆమె సంచిలోంచి డాక్టరు రాసిచ్చిన చీటీ తీసి, తడవకుండా కోటు లోపల పెట్టుకుని, రోడ్డు దాటింది. అవతల మందులషాపు గాజుతలుపును భుజంతో తోసుకుంటూ లోపలికి వెళ్లింది. కాసేపటికి అద్దంలోంచి ఆమె బల్ల మీద మోచేయి ఆనించి, షాపు కుర్రాడితో ఏదో గట్టిగా తగువుపడడం కనబడింది. అతను ఓపిగ్గా మాత్రల పొట్లం విప్పి, ఒక్కొక్కటీ వేలితో చూపిస్తున్నాడు. ఆమె తన బాగున్న ఎడమచెవిని అతని వైపు తిప్పింది.